గోడలోని తీగకు పరీక్ష యేది?

విదేశమున నున్న కుమారునితో మాటలాడుచుండగా తెరమీద అతని ముఖము నిలిచిపోయినను, ఆన్‌లైన్ పరీక్ష వ్రాయుచున్న విద్యార్థిని సమాధానములు పంపక మునుపే కంప్యూటరు నిశ్చేష్టమైనను, ఇంటినుండి ఉద్యోగము చేయువానికి సమావేశము నడుమ మాట తెగిపోయినను, మన యిండ్లలో మొదటి నింద ఇంటర్నెట్ కంపెనీమీద పడును. రెండవ నింద వైఫై పెట్టెమీద పడును. ఆ పిమ్మట అంతకంటె ఖరీదైన మఱొక పెట్టెను కొనుటకు ఆలోచన సాగును. గోడలో దాగి ఈ పెట్టెలన్నిటిని కలుపుచున్న లాన్ తీగమీదికి మాత్రము ఎవ్వరి దృష్టియు పోదు. నగరములలోనే గాక చిన్న పట్టణములలో సైతము గృహముల వఱకు ఫైబరు వచ్చి చేరిన యీ కాలమున, వీధిలో చక్కగా నడచిన వేగము ఇంటిలోపలి చివరి కొన్ని మీటరులలో అనేక పర్యాయములు చిక్కుకొనుచున్నదనియు, దానికి విరుగుడు నూతన యంత్రము గాక క్రమబద్ధమైన పరీక్షయే యనియు, ఆ పరీక్షను ఇల్లు కట్టువారి బాధ్యతగా మనము అడిగి పుచ్చుకొనవలసిన సమయము వచ్చినదనియు నా దృఢాభిప్రాయము.

మెష్ వైఫై యను ఏర్పాటు 2016 ప్రాంతమున గృహస్థుల విపణికి వచ్చినది. ప్రధానమైన యూనిట్‌ను ఫైబరు పెట్టెకు తగిలించి, మిగిలిన యూనిట్లను మేడమీదను వెనుక గదిలోను ఉంచినచో, అవి యన్నియు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో పనిచేయుచు, మనిషి గది మారినప్పుడెల్ల అతని ఫోనును ఒకదాని చేతినుండి మఱొకటి అందుకొనును. కఱ్ఱచట్రములమీద జిప్సం పలకలు బిగించి కట్టిన అమెరికా యిండ్లలో ఈ యూనిట్లు గాలిద్వారా పరస్పరము సుఖముగా మాటలాడుకొనగలవు. తొమ్మిదంగుళముల ఇటుకగోడలును, ఇనుపకమ్మీల వలమీద పోసిన కాంక్రీటు స్లాబులును గల మన యిండ్లలో ఆ సౌఖ్యము లేదు. డాలస్‌నుండియో న్యూజెర్సీనుండియో సెలవులకు వచ్చిన బిడ్డలు తెచ్చి యమర్చిన యూనిట్లు అక్కడివలె ఇక్కడ పనిచేయుట లేదని తలిదండ్రులు విచారింతురే, అందు తప్పు యూనిట్లది కాదు, అవి యెదుర్కొనవలసిన గోడలు వేఱు. పైగా ఒకే రేడియోతో విని, ఆ రేడియోతోనే తిరిగి పలుకవలసిన యూనిట్‌కు ప్రతి అంచెలోను వేగము సుమారు సగమునకు పడిపోవును. అందువలన యూనిట్లను లాన్ తీగతో కలుపుడని తెలిసినవారు సలహా చెప్పుదురు. సలహా సర్వవిధముల యుక్తమైనదే. ఆ సలహాను పాటించిన మఱునాటినుండి అసలు చిక్కు ప్రారంభమగును. తీగ వేసిన పిమ్మటను సంబంధము తెగుచు అతుకుచు నుండుట చూచి, తీగయు దండుగయే యని గృహస్థుడు నిరాశ చెందును.

ముందు తేల్చుకొనవలసినది, మనము తీగ యనుకొనుచున్నది నిజముగా తీగయేనా యన్నది. మేడమీది టీవీకి ప్రక్కనున్న మెష్ యూనిట్‌నుండి లాన్ కేబులు వచ్చుచున్నది గనుక అది తీగ కనెక్షనే యని చాలమంది నమ్ముదురు. కాని ఆ యూనిట్‌కు క్రింది యంతస్తులోని ప్రధాన యూనిట్‌తో గల సంబంధము గాలిద్వారానే యైనప్పుడు, ఒక బారెడు కేబులు పోగా తక్కిన త్రోవ యంతయు వైఫైయే. కంపెనీవారి యాప్ తెరచి చూచినచో ప్రతి యూనిట్ తీగతో కలిసినదో వైఫైతో కలిసినదో సాధారణముగా కనబడును. ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మఱొకటి కలదు. తీగ తెగినప్పుడు యూనిట్ దానంతటదియే వైఫై మార్గమునకు మఱలును. మేలుకొఱకే కల్పింపబడిన యీ సదుపాయము, తీగ పూర్తిగా తెగక అప్పుడప్పుడు మాత్రమే పట్టుదప్పుచున్న యిండ్లలో, మేలు చేయుటకు బదులు లోపమును కప్పిపుచ్చును. యూనిట్ తీగనుండి గాలికి, గాలినుండి తీగకు మాటిమాటికి మారుచు, మారిన ప్రతిసారియు కొన్ని క్షణములు మౌనము వహించును. గృహస్థుడు యాప్ తెరచి చూచునప్పటికి అంతయు సవ్యముగానే యుండును. తీగ ఏ ఘడియలో జాఱి యే ఘడియలో మఱల అతికినదో దినచర్యవలె నమోదు చేసి యజమానికి చూపుట యీ యూనిట్ల నిర్మాతలందఱి కనీసధర్మమని నేను భావించుచున్నాను.

లాన్ కేబులు తొడుగు విప్పినచో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా, ప్రతి జతయు వేఱువేఱుగా పురిపెట్టి కనబడును. ఈ పురి అలంకారము కొఱకు పెట్టినది కాదు. టెలిఫోను కనుగొన్న అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే రెండు తీగలను పెనవేసి వాడు పద్ధతికి పేటెంటు పొందెను. పెనవేసిన రెండు తీగలమీదను బయటి విద్యుత్తు అలజడి సమానముగా పడును గనుక, రెంటికిని గల భేదమును మాత్రమే గ్రహించు యంత్రమునకు ఆ యలజడి వినబడదు. నేటి గిగాబిట్ వేగము సైతము ఈ సూత్రముమీదనే నిలిచియున్నది. సెకనుకు 100 మెగాబిట్ల వేగమునకు రెండు జతలు చాలును. అవి 1, 2, 3, 6 సంఖ్యలుగల పిన్నులకు చేరును. 1999లో ప్రమాణముగా వెలువడిన 1000 మెగాబిట్ల పద్ధతికి నాలుగు జతలును కావలయును. కావున మిగిలిన నాలుగు తీగలలో ఏ యొక్కటి తెగినను ఇంటర్నెట్ ఆగిపోదు. రెండు కొనలయందలి యంత్రములు కొంత పెనుగులాడి 100కు దిగివచ్చి పని సాగించును, కొన్ని యంత్రములు మాత్రము ఆ పెనుగులాటనుండి బయటపడలేక కలియుచు విడిపోవుచు నుండును. 300 మెగాబిట్ల ప్లానునకు నెలనెలయు సొమ్ము చెల్లించుచున్న యింటిలో, మేడమీది వేగపరీక్ష ఎన్నిసార్లు చేసినను 94 దాపున వచ్చి ఆగిపోవుచున్నదన్నచో, కంపెనీకి ఫోను చేయకముందు తీగకొనలను చూడవలెను. ఏలయనగా 100 మెగాబిట్ల లంకెమీద వాస్తవముగా చేతికందు వేగము అంతమాత్రమే.

తీగకొన యనునది సామాన్యమైన స్థానము కాదు. నే నెఱిగినంతవఱకు ఇండ్లలోని తీగలోపములలో అధికభాగము నడుమ దారిలో గాక, క్రింపింగ్ చేసిన ఆ గోరంత జాక్‌లోనే యుండును. రంగుల వరుసకు ఒక ప్రమాణము కలదు: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను విడదీసి నడుమ నీలపుజతను దూర్చిన యీ వరుస, తెలియనివానికి అర్థరహితముగా తోచును. పాత టెలిఫోను తీగకు నడిమి రెండు పిన్నులు విడిచిన కారణమున అట్లు ఏర్పడినది. సంగతి తెలియని పనివాడు చక్కగా ఉండునని తలచి నారింజ రెండును, ఆకుపచ్చ రెండును, నీలము రెండును, గోధుమ రెండును వరుసగా పేర్చి, రెండవ కొనలోను అట్లే పేర్చును. చిన్న లాన్ టెస్టరు పెట్టి చూచినచో ఎనిమిది దీపములును క్రమముగా వెలుగును, ఏలయనగా ఒకటి ఒకటికిని, రెండు రెంటికిని సరిగానే చేరినవి. కాని 3వ పిన్నుకును 6వ పిన్నుకును చేరునవి ఒకే పురిలోని తీగలు గావలసియుండగా, ఇప్పుడు అవి రెండు భిన్నమైన పురులలోనివైనవి. బెల్ నాటినుండి అలజడిని అణచుచు వచ్చిన ఆ రక్షణ పోయినది. తక్కువ దూరములో, తక్కువ వేగములో ఈ తీగ పనిచేయును. బరువు పడినంతనే తప్పులు పుట్టి, లంకె తెగును. టెస్టరు బాగున్నదని చెప్పిన తీగయే పనిచేయుట లేదన్న వాదము ఎలక్ట్రీషియనుకును యజమానికిని నడుమ జరుగు ప్రతిచోట, ఇరువురును ఆ జాక్‌ను వెలుతురులో పట్టుకొని రంగులు చదువవలెను. జాక్ దగ్గఱ పురిని 13 మిల్లీమీటరులకు మించి విప్పరాదన్న నియమమును సైతము పాటించువారు అరుదు. పని సులువగునని రెండంగుళములు విప్పి, ఊడినట్లుండిన తీగలను తొడుగు బయటనే వదలివేయుదురు.

ఇక తీగ పదార్థమును గూర్చి చెప్పవలసినప్పుడు మెత్తని మాట నాకు రాదు. రాగిపూత పూసిన అల్యూమినియం తీగ, లాన్ కేబులు పేరుతో, 305 మీటరుల పెట్టెలలో, నిజమైన రాగి కేబులుకంటె చాల తక్కువ ధరకు దొఱకుచున్నది. తంతువులు గట్టి రాగివై యుండవలెనని కేబులు ప్రమాణములు శాసించుచున్నను, ఈ కేబులుమీద క్యాట్-6 యని నిస్సంకోచముగా అచ్చువేసి అమ్ముచున్నారు. అల్యూమినియం విద్యుత్తును ప్రసరింపజేయు శక్తి రాగికి గల శక్తిలో సుమారు 61 శాతము మాత్రమే. వంచిన చోట అది విఱుగును. జాక్ పిన్ను గుచ్చుకొన్న చోట పూత చిట్లి, లోహము గాలి తగిలి ఆక్సీకరణము చెందును. అమర్చిననాడు నిక్షేపముగా పనిచేసిన తీగ కొంతకాలమునకు చంచలమగుటకు ఇంతకంటె వేఱు కారణము వెదకనక్కఱలేదు. గుర్తుపట్టుట కష్టము గాదు. కొనను బ్లేడుతో గీచినచో లోపల తెల్లగా వెండిరంగు బయటపడును. పెట్టెను చేతబట్టినచో రాగికేబులు పెట్టెకంటె బరువు చాల తక్కువని తెలియును. లక్షలు పోసి కట్టిన యింటిలో, గోడ పగులగొట్టిన గాని మార్చుటకు వీలులేని చోట, కొద్దిపాటి సొమ్ము మిగులునని యీ తీగను పూడ్చుట యజమానికి చేసిన ద్రోహమని నేను నిస్సందేహముగా చెప్పగలను.

డాబామీద ఆరుబయట వేసిన సాధారణపు కేబులు తొడుగు రాయలసీమ యెండకు పెళుసెక్కి పగులును. కాకినాడ, మచిలీపట్నము వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి జాక్ పిన్నులను తినివేయును. ఎండకు తాళు నల్లని తొడుగుగల కేబులు బయటి పనికి వేఱుగా దొఱకును. ఫ్యాన్లకు, మోటారుకు పోవు 230 వోల్టుల తీగలతోపాటు అదే పైపులో లాన్ తీగను లాగుట మన యిండ్లలో నిత్యకృత్యము. అలజడి మాట యటుంచి, ఇన్సులేషను చెడిననాడు అది ప్రాణాపాయము గూడ.

తీగ నిర్దుష్టమై యుండియు సంబంధము చెదరుట గలదు. ఇంటిలోని యంత్రముల నడుమ రెండు దారులు ఏర్పడినప్పుడు, అనగా లాన్ తీగలను పంచు పెట్టెయైన స్విచ్ ఒకదానినుండి ఒక యూనిట్‌కు పొరపాటున రెండు తీగలు పోయినప్పుడో, తీగదారియు గాలిదారియు ఏకకాలమున తెరచియున్నప్పుడో, అందఱికి ఉద్దేశింపబడిన ప్రకటన సందేశములు ఆ వలయములో తిరుగుచు, ప్రతి చుట్టునకు వృద్ధిపొంది, క్షణములలో ఇల్లంతయు స్తంభించును. ఈథర్‌నెట్ సందేశమునకు ఆయుఃప్రమాణము విధింపబడలేదు; అది తిరిగి తిరిగి తనంతట చావదు. ఈ యాపదను నివారించుటకై రేడియా పెర్ల్‌మన్ అను విదుషి 1985లో ప్రకటించిన పద్ధతి, వలయమును గుర్తించి ఒక దారిని తాత్కాలికముగా మూసివేయును; నేటికిని పెద్ద సంస్థల జాలములు ఆమె ఆలోచనకు ఋణపడి యున్నవి. కాని మనము కొను చవక స్విచ్‌లలో అనేకములకు ఆ విద్య రాదు. మఱియొక పొరపాటు, ఫైబరు పెట్టెనుండి నేరుగా స్విచ్‌కు, స్విచ్‌నుండి యూనిట్లన్నిటికి తీగలు పంచుట. ఫైబరు పెట్టె, దాని పిమ్మట ప్రధాన యూనిట్, దాని పిమ్మట స్విచ్, ఆ పిమ్మటనే తక్కిన యూనిట్లు. ఈ వరుస తప్పినచో ఫైబరు పెట్టెయు ప్రధాన యూనిటును రెండును చిరునామాలు పంచ మొదలిడి, ఏ యంత్రము ఎవరి చిరునామాను నమ్మవలెనో తెలియక తికమక పడును. ఫైబరు పెట్టెను చిరునామాలు పంచని బ్రిడ్జి మోడ్‌లో పెట్టుడని కంపెనీవారిని కోరుటయో, లేక మెష్ యూనిట్లనే చిరునామాలు పంచని యాక్సెస్ పాయింట్లుగా నడుపుటయో, రెంటిలో నొకటి చేయవలెను.

విద్యుత్తు పోయినప్పుడు ఫైబరు పెట్టె ఇన్వర్టరుమీద బ్రదికియుండి, మేడమీది యూనిట్ మాత్రము ఆఱిపోవు నిండ్లలో, కరెంటు కోతను గూడ తీగలోపముగానే భ్రమింతురు. పాతబడిన అడాప్టరు సరియైన వోల్టేజి నందింపలేక యూనిట్‌ను మాటిమాటికి పునఃప్రారంభింపజేయుటయు సామాన్యమే. విద్యుత్తు ఆదా కొఱకు పని లేనప్పుడు లంకెను నిద్రపుచ్చు ఏర్పాటు 2010నుండి ఈథర్‌నెట్ ప్రమాణములలో చేరినది; కొన్ని యంత్రములు ఆ నిద్రనుండి మేల్కొనుటలో తడబడును గనుక, కంప్యూటరు సెట్టింగులలో దానిని మాన్పి చూడవలెను.

కాలువ చివరి పొలమునకు నీరందనప్పుడు రైతు తూము దగ్గఱనుండి గట్టువెంట నడచుచు గండి యెక్కడ పడినదో చూచుకొనును గాని, పొలములో నిలుచుండి ఆకాశమును నిందింపడు. గృహస్థుడును అట్లే మూలమునుండి నడచి రావలెను. బాగున్నదని తెలిసిన పొట్టి కేబులు నొకదానిని చేతబట్టుకొని, లాప్‌టాప్‌ను మొదట ఫైబరు పెట్టెకు, పిమ్మట ప్రధాన యూనిట్‌కు, ఆ పిమ్మట మేడమీది తీగకొనకు తగిలించి, ప్రతిచోట కొంతసేపు నిలిచి చూడవలెను. జవాబు వచ్చుచున్నదో లేదో చూపు పింగ్ ఆజ్ఞకు రెండు కిటికీలు తెరచి, ఒకటి ప్రధాన యూనిట్ చిరునామాకు, రెండవది బయటి లోకములోని ఏదేని స్థిరమైన చిరునామాకు ఎడతెగక పంపుచుండవలెను. తీగమీద ప్రధాన యూనిట్‌నుండి జవాబు సాధారణముగా మిల్లీసెకను లోపలనే రావలయును. అక్కడనే జవాబులు తప్పిపోవుచున్నచో తప్పు ఇంటిలోపల, అక్కడ చక్కగా నుండి బయటినుండి మాత్రమే తప్పుచున్నచో తప్పు కంపెనీ వైపున. ఈ యొక్క పరీక్షతో సగము వాదములు తీరును. ఒక్కసారికి ఒక్క వస్తువును మాత్రమే మార్చవలెను. కేబులు, స్విచ్, యూనిట్ మూడింటిని ఒక్కమాటు మార్చి బాగుపడినదని సంతోషించినవాడు, లోపము మఱల వచ్చిననాడు మొదటికి రావలసియుండును. తెగిన ప్రతి సమయమును కాగితముమీద వ్రాసికొనుట చాదస్తము గాదు. నీటిమోటారు వేయు వేళకో, లిఫ్టు కదలు వేళకో, మిట్టమధ్యాహ్నపు టెండకో ఆ సమయములు సరిపోయినచో, ఏ గోడను అనుమానింపవలెనో ఆ కాగితమే చెప్పును.

వైఫై యేటేటికి వృద్ధి చెందుచుండగా తీగను గూర్చి ఇంత శ్రమ యేల యని కొందఱు విజ్ఞులు అందురు. వారి మాటలో కొంత నిజమున్నను, నూతన వైఫై తీగకు విశ్రాంతి నీయలేదు, దాని భారమును పెంచినది. వైఫై-7 యూనిట్లలో అనేకములకు 2.5 గిగాబిట్ల లాన్ పోర్టులు వచ్చుచున్నవి. పాత క్యాట్-5ఈ తీగమీదనే 100 మీటరుల దూరము ఆ వేగము నడచుటకు వీలుగా 2016లో ప్రమాణము వెలువడినది. తీగయు జాక్‌లును శాస్త్రోక్తముగా ఉన్నచోట మాత్రమే అది సాధ్యము. ఒక గిగాబిట్ దగ్గఱ లోపమును దాచికొని నడచిన తీగ, క్రొత్త యూనిట్ తగిలించిననాడు చంచలమై, క్రొత్త యూనిట్‌కే చెడ్డపేరు తెచ్చును. పోర్టు వేగమును తాత్కాలికముగా ఒక గిగాబిట్‌కు కుదించి చూచినప్పుడు స్థిరపడినచో, లోపము తీగదే యని బలముగా అనుమానింపవచ్చును.

ఇంత చెప్పినను, ఈ భారమంతయు గృహస్థుని తలమీద పెట్టుట న్యాయము గాదు. ఫైబరు పెట్టె వెలుగుటతో కంపెనీ మనిషి పని ముగియును. దీపములు వెలిగి ఫ్యాన్లు తిరుగుటతో ఎలక్ట్రీషియను పని ముగియును. నడుమనున్న తీగకు కర్త లేడు. చట్టములును ప్రమాణములును ఈ దిశగా కదలకపోలేదు. 2016 జాతీయ భవననిర్మాణ నియమావళిలో సమాచార ప్రసార ఏర్పాట్లకు ప్రత్యేకముగా ఒక విభాగము కేటాయింపబడినది. డిజిటల్ సౌకర్యమును బట్టి భవనములకు శ్రేణి నిర్ణయించు నియమములను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబరు విద్యుత్ స్తంభములమీదుగా పల్లెలకు పాకినది. ఊరి పొలిమేరనుండి ఇంటి గడపవఱకు ఇంత శ్రద్ధ వహించిన మనము గడప దాటిన పిమ్మట కన్ను మూసికొనుట శోచనీయము.

నా కోరిక పెద్దది గాదు. స్లాబు పోయుటకు మునుపే, కరెంటు పైపులకు దూరముగా, ఒక నడిమి పెట్టెనుండి ప్రతి గదికి వేఱుగా ఒక పైపు వేయవలెను. అందులో గట్టిరాగి కేబులు లాగి, రెండు కొనలకు పేరు కట్టవలెను. గోడజాక్ నుండి గోడజాక్‌కు 90 మీటరులు మించకుండ చూడవలెను, మన యిండ్లలో అది యెన్నడును మించదు. ఐటీఐలలో ఎలక్ట్రీషియను శిక్షణ పొందు పిల్లలకు రంగుల వరుసతోపాటు ఆ వరుసకు గల కారణమును గూడ నేర్పి, దీపములు వెలిగించు టెస్టరును మాత్రమే గాక జతలను విడివిడిగా కొలుచు పరికరమును చేతికీయవలెను. అపార్టుమెంటు తాళముచెవులు పుచ్చుకొను దినమున కొనుగోలుదారుడు కుళాయిలు విప్పి చూచును, స్విచ్‌లన్నియు నొక్కి చూచును. ప్రతి లాన్ జాక్‌కు ఒక లాప్‌టాప్‌ను తగిలించి, లింక్ స్పీడు అను చోట 1000 అను అంకె కనబడువఱకు, ఆ పరీక్షాఫలితము సంతకముతో తన చేతికి వచ్చువఱకు, చివరి వాయిదా సొమ్మును తన దగ్గఱనే యుంచుకొను హక్కును విక్రయపు ఒప్పందములో అతడు ముందుగానే వ్రాయించుకొనవలెను.